ఆరో బాండ్ చిత్రానికి జరుగుతున్న అన్యాయం: సినీ విమర్శకులకు, ఫిల్మ్ సొసైటీలకు బహిరంగ లేఖ

తెలుగు పత్రికల్లోనూ ఛానళ్లలోనూ సినిమాల గురించి రాస్తున్న, మాట్లాడుతున్న విమర్శకులకు, ఊళ్లలో ఫిల్మ్ సొసైటీలు నడుపుతున్న నిర్వాహకులకు, విదేశీ చిత్రాలకు తెలుగు మాటలు రాస్తున్న డబ్బింగ్ రచయితలకు నమస్కారాలు.

పరాయి దేశాల సినిమాలను మా వంటివారి ముంగిట్లోకి తెచ్చింది మీరే. ఆ మేలు మరచిపోయి ఈ లేఖ రాయడం లేదు. 1969 డిసెంబరు 18న లండన్‌లో తొలి ప్రదర్శన జరుపుకున్న ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ అనే ఆరో జేమ్స్‌బాండ్ చిత్రం గురించి ఏళ్ల తరబడి మీరు చెబుతూ వస్తున్న మాటలు కొన్ని సరైనవి కావని, వాటి వల్ల మామూలు ప్రేక్షకుడు నష్టపోతున్నాడని మనవి చేయడానికే రాస్తున్నాను. బహిరంగంగా రాయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. బాండ్ చిత్రాల మీద ప్రత్యేక వ్యాసం ప్రచురించి, ఈ సినిమాను ఒకే ఒక్క వాక్యంలో పరాజయంగా తేల్చేసిన ఒక పత్రిక సంపాదకుడికి నేను రెండు ఉత్తరాలు రాశాను. దేనికీ జవాబు రాలేదు. ఆ తరువాత మా ఊరి ఫిల్మ్ సొసైటీ బాండ్ పాత్ర వేసిన నటులకు ఒక్కొక్క చిత్రం చొప్పున ప్రదర్శనలు పెట్టి, అయిదు రోజులు అయిదుగురివి వేసి, మిగిలిన ఒక్కరిని, అంటే ఈ చిత్ర కథానాయకుడిని, మాత్రం వదిలేసింది. సభ్యుల సమావేశంలో లేచి కారణం అడిగితే, ఆ సినిమాకు జనం రారని చెప్పి తరువాతి అంశానికి వెళ్లిపోయారు. వస్తారో రారో ఒక్కసారైనా వేసి చూసినవారు ఆ సమావేశంలో ఒక్కరూ లేరు.

మొదట వసూళ్ల సంగతి. ఈ చిత్రం దెబ్బతిన్నదన్న మాట ఒకరి వ్యాసంలో నుంచి మరొకరి వ్యాసంలోకి పరిశీలన లేకుండా దిగుతూ వస్తోంది. దీనికి ముందు 1967లో వచ్చిన ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ కంటే ఇది తక్కువ వసూలు చేసిన మాట నిజమే. అయినా పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తిరిగి తెచ్చింది. ఒక అగ్రనటుడి సినిమా వంద రోజులు ఆడి, తరువాతిది డెబ్బై రోజులు ఆడితే, ఆ రెండోదాన్ని ఫ్లాప్ అని మన పత్రికలు రాయవు. ఇక్కడ మాత్రం రాశాయి.

కథానాయకుడు జార్జ్ లాజెన్‌బీని నిర్మాతలు తీసేశారన్నది రెండో అపోహ. ఆయనే వెళ్లిపోయాడు. ఆస్ట్రేలియాలో కార్లు అమ్మి, లండన్‌లో మోడల్‌గా పనిచేసి, చాక్లెట్ ప్రకటనలో కనిపించిన ఆ యువకుడు, నటనలో చెప్పుకోదగిన అనుభవమేదీ లేకుండానే, అంతకుముందు బాండ్‌గా వేసిన షాన్ కానరీ వెళ్లే మంగలి దగ్గరే జుట్టు కత్తిరించుకుని, కానరీ కోసం కుట్టగా ఆయన తీసుకువెళ్లని సూటు వేసుకుని నిర్మాతల ఎదుట నిలబడి ఆ పాత్ర సంపాదించాడు. తీరా సినిమా పూర్తయ్యేసరికి, కాలం మారిందని, ఇలాంటి గూఢచారి కథలకు రోజులు చెల్లాయని తన సలహాదారు చెప్పిన మాట నమ్మి, తరువాతి చిత్రాలు వద్దన్నాడు. నిర్మాతలకు ఇష్టం లేకపోయినా గడ్డంతో, పెరిగిన జుట్టుతో తొలి ప్రదర్శనకు వచ్చాడు. అది తొందరపాటే. అయితే ఆ తొందరపాటుకు సినిమా ఎందుకు శిక్ష అనుభవించాలి? కొత్త నటుల విభాగంలో ఆయనకు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చిందన్న సంగతి మన వ్యాసాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఈ చిత్రాన్ని సమర్థించేది లాజెన్‌బీ మీద జాలితో కాదు. ఇన్ని బాండ్ చిత్రాల్లో, బాండ్ ఒక మామూలు మనిషిలా భయపడి, ప్రేమించి, పోగొట్టుకున్న మొదటి చిత్రం ఇదే గనుక సమర్థిస్తున్నాను.

ఇయాన్ ఫ్లెమింగ్ 1963లో ప్రచురించిన నవలకు ఈ సినిమా చాలా దగ్గరగా నడుస్తుంది. ప్రతినాయకుడు బ్లోఫెల్డ్ ఆల్ప్స్ పర్వతాల్లో ఒక శిఖరం మీద అలర్జీ వైద్యశాల పేరుతో పలు దేశాల యువతులను చేర్చుకుంటాడు. వారిలో ఒక భారతీయ యువతి కూడా ఉంది. నిద్రపోతున్న ఆ అమ్మాయిల మనసులను వశం చేసుకుని, పైరునూ పశువునూ గొడ్డుపోయేలా చేసే వైరస్‌ను వారి చేతుల మీదుగా లోకమంతా చల్లించాలన్నది పన్నాగం. అందుకు బదులుగా అతడు అడిగేది డబ్బు కాదు. తన పాత నేరాలకు క్షమాభిక్ష కావాలి, తాను పెద్ద వంశంలో పుట్టిన ప్రభువునన్న గుర్తింపు కావాలి. ఆకాశంలోకి రాకెట్లు పంపే విలన్ల కంటే, వంశగౌరవం కోసం లోకాన్ని మాడ్చడానికి సిద్ధపడే ఈ మనిషి నాకు ఎక్కువ భయం పుట్టిస్తాడు, ఎందుకంటే ఆ ఆశ మనం ఎరిగినదే.

వంశచరిత్రలు పరిశీలించే పండితుడిగా మారువేషంలో అక్కడికి వెళ్లిన బాండ్ పట్టుబడి, రాత్రివేళ మంచు మీద స్కీయింగ్ చేస్తూ తప్పించుకుంటాడు. లోయలోని ఊళ్లో క్రిస్మస్ సంబరాలు జరుగుతున్నాయి. వెంటపడినవారు గుంపులో వెతుకుతున్నారు. ఎలుగుబంటి వేషం వేసుకున్నవాడెవడో ఎదురుపడితే ఉలిక్కిపడతాడు. చేతిలో ఆయుధం లేదు, వెళ్లడానికి దారి లేదు. మంచు మీద జనం స్కేటింగ్ చేస్తున్న చోట కోటు కాలరు పైకి లాక్కుని, తల వంచుకుని, ఒక మూల కూర్చుంటాడు. ఆ ముఖంలో ఉన్నది అలసట, భయం. అప్పుడు అతని ఎదుట ముందు రెండు కాళ్లు వచ్చి ఆగుతాయి. తలెత్తి చూస్తే అతడు ప్రేమించిన ట్రేసీ. ఆమె కారు తీస్తుంది, ఆమే నడుపుతుంది, అతడిని ఆమే అక్కడి నుంచి దాటిస్తుంది.

ఈ ఒక్క ఘట్టం చూడమని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందులో కానరీ ఉండి ఉంటే ఏమయ్యేదని ఒక్కసారి ఊహించండి. ఆయన మహానటుడు, ఆ పాత్రకు ప్రాణం పోసినవాడు. కానీ ఆయన బాండ్ భయపడ్డాడంటే మనం నమ్మం. లాజెన్‌బీ ముఖంలోని అనుభవలేమి, ఆ కొంచెం తడబాటు, మరే చిత్రంలో దోషమయ్యేవో ఈ చిత్రంలో అవే అక్కరకు వచ్చాయి. ట్రేసీగా వేసిన డయానా రిగ్ అప్పటికే రంగస్థలం మీదా టెలివిజన్‌లోనూ పేరున్న నటి. ఆమె ఎదుట అతడు కొంత తగ్గి కనిపిస్తాడు, అలా తగ్గడం వల్లనే ఆ ప్రేమ నిజమనిపిస్తుంది. తండ్రి కట్నంగా ఇస్తానన్న పది లక్షల పౌండ్లను బాండ్ పెళ్లినాడు తిప్పి ఇచ్చేయడం మన దేశపు ప్రేక్షకుడికి విడమరచి చెప్పవలసిన సన్నివేశం కాదు.

పెళ్లయిన కొద్దిసేపటికే, పూలతో అలంకరించిన కారులో, ట్రేసీ తూటా తగిలి చనిపోతుంది. దగ్గరకు వచ్చిన పోలీసుతో బాండ్ ఆమె విశ్రాంతి తీసుకుంటోందని, తొందరేమీ లేదని, తమకు కావలసినంత కాలం ఉందని చెబుతాడు. చివరి దృశ్యం తూటా చిల్లు పడ్డ కారు అద్దం. అంతే. ప్రతీకారం లేదు. 1969లో అలాంటి ముగింపు పెట్టడానికి దర్శకుడు పీటర్ హంట్‌కు, నిర్మాతలకు ఎంత తెగువ ఉండాలి! విషాదాంతాన్ని జనం ఒప్పుకోరని మన విమర్శకులు కొందరు రాశారు. 1953లో ‘దేవదాసు’ను గుండెకు హత్తుకున్నదీ, 1978లో ప్రేమికులిద్దరూ చనిపోయే ‘మరో చరిత్ర’కు హాళ్లు నింపినదీ మన ప్రేక్షకులే. వారు ఒప్పుకోరని ముందే నిర్ణయించడానికి మనమెవరం?

హంట్ అంతకుముందు వచ్చిన బాండ్ చిత్రాల ఎడిటింగ్‌కు ఒక వేగం నేర్పినవాడు. ఆయన దర్శకత్వం వహించిన బాండ్ చిత్రం ఇదొక్కటే. దీనికి ఎడిటింగ్ చేసి, రెండో యూనిట్‌ను నడిపిన జాన్ గ్లెన్ 1981 నుంచి 1989 దాకా వరుసగా అయిదు బాండ్ చిత్రాలకు దర్శకుడయ్యాడు. మంచు మీద వెంటాడే దృశ్యాలను విల్లీ బోగ్నర్ కెమెరా చేతబట్టి, తానూ స్కీయింగ్ చేస్తూ, అవసరమైనచోట వెనక్కి జారుతూ తీశాడు. ఆకాశం నుంచి తీసిన దృశ్యాలు జానీ జోర్డాన్‌వి. ముందరి బాండ్ చిత్రం షూటింగులో హెలికాప్టర్ ప్రమాదంలో పాదం పోగొట్టుకున్న ఆ మనిషి, ఈ చిత్రానికి హెలికాప్టర్ కింద తాళ్లతో వేలాడదీసిన పట్టీల్లో కూర్చుని చిత్రీకరించి, అదే ఏడాది మరో సినిమా పనిలో విమానం నుంచి పడి మరణించాడు. కంప్యూటర్ బొమ్మలు లేని రోజులవి. తెర మీద మనం చూసే ఎత్తు నిజమైన ఎత్తు. స్విట్జర్లాండ్‌లో 2970 మీటర్ల ఎత్తున ఉన్న షిల్తోర్న్ శిఖరం మీద అప్పటికి సగమే పూర్తయిన గుండ్రంగా తిరిగే రెస్టారెంటును, దాని లోపలి పనులకు ఖర్చు భరించే ఒప్పందం మీద వాడుకున్నారు. కథలో దానికి పెట్టిన ‘పిజ్ గ్లోరియా’ అనే పేరే నేటికీ ఉంది.

జాన్ బ్యారీ సంగీతం గురించి చెప్పబోతే ఈ లేఖ చాలదు. మాటల్లేని ఆ టైటిల్ బాణీనీ, హాల్ డేవిడ్ రాయగా జబ్బుపడి ఉన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాటనూ ఒక్కసారి వినమని మాత్రం కోరుతున్నాను.

లోపాలు లేవని నేను అనడం లేదు. ముందరి సినిమాలోనే ముఖాముఖి కలిసిన బాండ్‌ను బ్లోఫెల్డ్ ఇక్కడ గుర్తుపట్టకపోవడం, నవలల వరుసను సినిమాలు తారుమారు చేయడం వల్ల వచ్చిన అతుకు. వైద్యశాలలో నడిచే భాగం సాగుతుంది. ట్రేసీ మీద బాండూ, ఆమె తండ్రీ చేయి చేసుకునే సన్నివేశాలు ఏ కాలానికీ సమర్థనీయం కావు, నేను సమర్థించను. మారువేషంలో ఉన్నంతసేపూ కథానాయకుడికి జార్జ్ బేకర్ అనే మరో నటుడు గొంతు అరువిచ్చాడన్నది కూడా విమర్శగా వినిపిస్తుంది. తెరమీది ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయినా దశాబ్దాలుగా ఆదరిస్తున్న మనం ఆ విమర్శ చేయడం న్యాయమనిపించదు.

మీ మాటల వల్ల మామూలు ప్రేక్షకుడికి కలుగుతున్న నష్టం ఇది.

1. బాండ్ చిత్రాలు పాతికకు చేరాయి. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను చూసుకుంటూ, వారానికి ఒక్క సినిమాకు తీరిక దొరికే మనిషి అన్నీ చూడలేడు. ఏది చూడాలో, ఏది వదిలేయాలో మీరు వేసిన జాబితాలే అతనికి దారి. మా అన్నయ్య కొడుకు అలాంటి ఒక జాబితా పట్టుకుని, వరుసగా చూస్తూ, ఆరోదాన్ని వదిలేశాడు. 1981లో వచ్చిన ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ మొదట్లో బాండ్ ఒక సమాధి మీద పూలు పెడితే, బాబాయ్, ఆవిడెవరు అని నన్ను అడిగాడు. రాతి మీద థెరీసా అన్న ట్రేసీ అసలు పేరు, 1969 అన్న సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. మొత్తం వరుస చూశాననుకున్న కుర్రవాడికి ఆ కథానాయకుడి భార్య ఎవరో తెలియలేదు.

2. 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ ఈ సినిమా మీద నిలబడి ఉంది. మొదట్లో బాండ్ కారులో అనే మాట, 1969లో అతడు పోలీసుతో అన్న మాటే. ఆ మాట వినగానే తెలిసినవారి గుండె జారుతుంది, జరగబోయేది లీలగా తెలుస్తుంది. చివర పేర్లు పడేటప్పుడు వినిపించేది ఆర్మ్‌స్ట్రాంగ్ పాటే. నేను చూసిన హాలులో పాట మొదలయ్యేసరికి సగం మంది లేచి మెట్లు దిగుతున్నారు. టిక్కెట్టుకు పూర్తి డబ్బు ఇచ్చిన ఆ ప్రేక్షకులకు సినిమాలో సగమే అందింది. పాత సినిమా ఊసు ఒక్క పేరా రాసినా అందరికీ అందేది.

3. సినిమా నేర్చుకుంటున్న మన పిల్లలు ఒక మంచి పాఠం కోల్పోతున్నారు. క్రిస్టఫర్ నోలన్ తనకు అన్నిటికంటే నచ్చిన బాండ్ చిత్రం ఇదేనని చెప్పాడు, 2010లో ‘ఇన్‌సెప్షన్’లోని మంచుకోట ఘట్టానికి దీని ప్రేరణ ఉంది. స్టీవెన్ సోడర్‌బర్గ్ సినిమా కళ దృష్టితో చూస్తే బాండ్ చిత్రాల్లో ఇదే ఉత్తమమని రాశాడు. పేరున్న ఆ దర్శకులు మళ్లీ మళ్లీ చూసిన సినిమాను, ఎడిటింగ్ నేర్చుకుంటున్న మన విద్యార్థి ఫ్లాప్ అన్న ముద్ర చూసి పక్కన పెట్టేస్తున్నాడు.

4. గూఢచారి కథలు మనకు పరాయివి కావు. 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణగారు తెలుగువారి సొంత బాండ్ అయ్యారు. అలాంటి కథలు ఇప్పటికీ తీస్తున్నారు. అయితే కథానాయకుడు ఓడిపోకూడదని, భయపడకూడదని, ఏడవకూడదని మన రచయితలకు చెప్పేవారే ఎక్కువ. అందుకు భిన్నంగా ఒకసారి జరిగిందని, అది నిలిచిందని తెలిస్తే, కొత్త రచయిత నిర్మాత ఎదుట ఒక ఉదాహరణ చూపించుకోగలడు.

పై కారణాలన్నిటి వల్ల మిమ్మల్ని కోరుతున్నవి ఇవి.

1. ఈ చిత్రం నష్టపోయిందని, నటుడిని తొలగించారని ఇంతవరకు రాసినవారు వాటిని సవరించాలి. పెద్ద వ్యాసం అక్కరలేదు, అదే శీర్షిక కింద నాలుగు పంక్తులు చాలు.

2. ఇకపై బాండ్ చిత్రాలకు ర్యాంకులు ఇచ్చేవారు ఈ సినిమాను మళ్లీ ఒకసారి పూర్తిగా చూసిన తరువాతే ఇవ్వాలి. చూశాక కూడా నచ్చకపోతే అట్టడుగున పెట్టండి, అభ్యంతరం లేదు. కారణం మాత్రం రాయండి.

3. ఫిల్మ్ సొసైటీలు తదుపరి ప్రదర్శనల్లో దీన్ని చేర్చాలి, అదీ 142 నిమిషాల పూర్తి నిడివితో. 1976లో అమెరికాలో ఒక టెలివిజన్ సంస్థ దీన్ని రెండు భాగాలుగా నరికి, సన్నివేశాల వరుస మార్చి, లేని వ్యాఖ్యానం చేర్చి ప్రసారం చేసింది. సినిమా బాగా లేదని అక్కడ అనుకున్నవారిలో అసలు సినిమా చూడనివారు ఎందరో ఉండి ఉంటారు. నిడివి ఎక్కువని మధ్యలో కత్తిరించి వేయడం కంటే వేయకపోవడమే మేలు.

4. కావలసినంత కాలం ఉందని బాండ్ పోలీసుతో అనే ఆ చివరి వాక్యానికి డబ్బింగ్ రచయితలు ఒకే తెలుగు మాట స్థిరపరచాలి. 1969 చిత్రంలోనూ, 1981లో సమాధి రాతి మీదా, 2021 చిత్రంలోనూ అదే వాక్యం వస్తుంది. ఒక్కోచోట ఒక్కో రకంగా అనువదిస్తే, ఆ మూడు సినిమాలను కలిపే దారం తెలుగు ప్రేక్షకుడి చేతికి అందదు.

మీకు అదనపు శ్రమ కలిగించకూడదని, ఈ చిత్రానికి తెలుగు సబ్‌టైటిళ్లు నేనే రాసి ఉంచాను. ప్రదర్శన హక్కులున్న ఏ సంస్థ అడిగినా ఉచితంగా ఇస్తాను, నా పేరు వేయనవసరం లేదు. అన్ని సంభాషణలూ పూర్తయ్యాయి గానీ, పై నాలుగో అంశంలో చెప్పిన వాక్యం మాత్రం నాకు ఇంకా కుదరలేదు. ‘మనకు కావలసినంత కాలం ఉంది’ అని రాశాను, కొట్టేశాను, ‘తొందరేముంది, కాలమంతా మనదే’ అని రాశాను. మొదటిది పొడిగా ఉంది, రెండోది పాటలా ఉంది. భార్య తల ఒడిలో పెట్టుకున్న మనిషి పోలీసుతో అనే మాటలా రెండూ లేవు. మీలో అనుభవజ్ఞులైన రచయితలు ఎవరైనా ఆ ఒక్క వాక్యాన్ని సరిచేసి పంపితే కృతజ్ఞుడినై ఉంటాను.

భవదీయుడు,
ముప్ఫై ఏళ్లుగా ఫిల్మ్ సొసైటీ సభ్యుడు,
రాజమహేంద్రవరం